తలుపుకాడ అడిగే మాటలు

నకిరేకల్ టాటూ దుకాణంలో అక్క సూదులు సర్దుతోంది. చెల్లెలు గిరాకీల చేత సంతకం చేయించే ఒప్పుకోలు ఫారం కొత్తగా రాస్తోంది.

"అక్కా, షుగర్ ఉన్నదా అని గూడ ఫారంల పెడుతున్న."

"గన్ని ప్రశ్నలెందుకే? వచ్చినోళ్లు యాష్టపడి ఇసుక్కుంటరు."

"మొన్న గా పెద్దమనిషిని నేను అడిగినంకనే షుగరున్నదని చెప్పిండు. డాక్టర్ను అడిగి రమ్మని పంపింది నేనే. ఇయ్యాల మంచిగ టాటూ ఏయించుకొని, దండం మాత్రం నీకు పెట్టిండు."

"గంత కడుపుమంటనా నా మీద?"

"మంటనే. బోర్డు మీద నీ పేరు, ఫోటోలల్ల నీ చెయ్యి. నేనేమో తలుపుకాడ కాయితాలిచ్చేదాన్ని."

"నాకూ నీ మీద మంటనే, చెల్లె."

"నా మీదనా? దేనికి?"

"నా ముందట కూసున్నోళ్లు కండ్లు మూసుకుంటరు, ఒక్క మాట మాట్లాడరు. నీకైతే అన్నీ చెప్పుకుంటరు. నిన్నటి పిల్ల కడుపుతోని ఉన్ననని వాళ్లమ్మకన్న ముందు నీకే చెప్పె."

చెల్లెలు ఫారం కింద సంతకానికి గీత గీసింది. బయట బండి ఆగిన చప్పుడైంది.

"ఎవరో వస్తున్నరు. ఇగో ఫారం, ఈసారి నువ్వు అడుగు."

"నాకు అడగరాదే. ఏమని మొదలుపెట్టాలె?"

"ముందుగాల కూసోమను. తిని వచ్చిన్రా అని అడుగు."