చిన్నాన్న వాయించిన పక్క దేశం పాట

ఆ టీవీ గొంతు నొక్కెయ్ అమ్మడూ, ముందు నొక్కెయ్! బొమ్మ ఉండనీలే. ఆటగాళ్ళు వరసగా నిలబడ్డారంటే ఇక రెండు దేశాల జాతీయగీతాల పాటలే. మన పాటతో నాకేం బాధ లేదు, పక్క దేశం వాళ్ళ పాట మాత్రం నా చెవిన పడకూడదు. పగా? వాళ్ళతో నాకు పగేమిటే, వాళ్ళేమన్నా నా తోడికోడళ్ళా! ఆ పాట మా చిన్నాన్న వాయించినట్టుగా గుర్తున్నది ఇప్పుడు నాకొక్కదానికే. పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో నిన్నడిగి తెలుసుకుంటున్న బుర్ర ఇది. ఇందులోకి టీవీ పాట కూడా దూరిందంటే ఆయన పాట ఇక నిలవదు. నొక్కావా? ఊఁ.

చిన్నాన్నంటే మీ ముత్తాతకి తమ్ముడు, నూలు మిల్లు బ్యాండు మాస్టరు. క్లారినెట్ వాయించీ వాయించీ కింది పెదవి మీద నొక్కు పడిపోయింది. నవ్వినా పోయేది కాదు. నవ్వడం కూడా తక్కువేలే... ఏం చెబుతున్నాను? ఆఁ, పాట. ఆ ఏడు చుట్టుపక్కల దేశాల ఫుట్‌బాల్ పోటీలు జరిగితే మా ఊరికి ఒక్క ఆట ఇచ్చారు, మనకీ పక్క దేశానికీ. ఊళ్ళో బ్యాండు ఒకటే. మిల్లు మేనేజరు వాళ్ళ పాట రికార్డు తెచ్చి చిన్నాన్న చేతిలో పెట్టాడు. మా ఇంట్లో కీ ఇచ్చే గ్రామఫోను ఉండేది. దాని స్ప్రింగు ముసలిదైపోయి ఏ పాటైనా ఈడ్చుకుంటూ పాడేది. మన పాటలైతే తెలిసినవే గనక చిన్నాన్న వేగం కలుపుకునేవాడు. దీనికి మాత్రం "పరాయివాళ్ళ పాట, మనం చెయ్యి పెట్టకూడదు, ఉన్నదున్నట్టు వాయించాలి" అన్నాడు. అది ఆయన మర్యాద. నెలంతా వసారాలో అదే సాధన. మా పిన్ని గిన్నెలు తోముతూ, "ఏమండీ, ఇది ఆటకి ముందు పాటా, ఓడిపోయాక పాటా?" అనేది. ఆయన మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకునేవాడు.

ఆట రోజు మన పాట బాగానే అయింది. వాళ్ళది ఎత్తుకున్నారు. వాళ్ళ కుర్రాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని, అలవాటైన వేగంలో పాడేసి, చెయ్యి దించి గంతులు మొదలెట్టారు. మన బ్యాండువాళ్ళింకా మొదటి చరణంలోనే ఉన్నారు. అది చూసి ఆ కుర్రాళ్ళు మళ్ళీ చేతులు గుండె మీదికి తెచ్చుకున్నారు. ఎండ మండిపోతోంది. వేదిక మీద పెద్దమనిషి కూర్చున్నాడు, తప్పని లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మేనేజరు "కానియ్, కానియ్!" అని చేతులు ఊపుతుంటే చిన్నాన్న మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా తీరిగ్గా వాయించాడు. అప్పుడు వాళ్ళ కెప్టెను, పొట్టివాడు, బ్యాండుతో పాటే మెల్లిగా అందుకున్నాడు. మిగతావాళ్ళూ కలిశారు. జనం ఈలలు ఆపేశారే! అంత బాగుంది.

మూడు గోల్స్‌తో వాళ్ళే గెలిచారు. "నిలబడీ నిలబడీ మనవాళ్ళ కాళ్ళు తిమ్మిరెక్కాయి" అని మన జనం. "మమ్మల్ని వెక్కిరించారు" అని వాళ్ళ పత్రికలు. అందరికీ దొరికింది చిన్నాన్నే. మేనేజరు క్లారినెట్ లాక్కుని, ఆయన్ని నూలు బేళ్ళు మోసే పనిలో వేశాడు. "వాళ్ళ పాట వాళ్ళకే రాకపోతే నేనేం చేసేది?" అన్నాడు తప్ప, చిన్నాన్న ఒక్క మాట తగ్గలేదు. తరవాతెప్పుడో పిన్ని గ్రామఫోను బాగుచేయించింది. రిపేరతను చూపిద్దామని ఆ రికార్డే వేశాడు. పాట గబగబా పరిగెత్తి అయిపోయింది. చిన్నాన్న "బాగున్నదాన్ని పాడు చేశావు కదయ్యా" అన్నాడు. పోయేదాకా స్నానాల గదిలో ఈల మాత్రం పాత వేగమే. మిల్లు సైరను మోగినా సరే, చివరిదాకా వేసిగానీ బయటికొచ్చేవాడు కాదు.

నీ ఫోను ఇలా పెట్టు, పాడతాను, పట్టుకో. ఊఁ... ఊఁ ఊఁ... ఇదుగో, ఇక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాడు... ఊఁ ఊఁ... అదేమిటే ఆ చప్పుడు? పక్కింటి టీవీలో వాళ్ళ పాటా? కిటికీ వెయ్యవే! ఊఁ... ఊఁఊఁ ఊఁఊఁ... కాదు, ఇది కాదు. ఆగు. ఊఁఊఁ ఊఁఊఁ ఊఁ...

అప్పుడే అయిపోయిందా.

పెట్టు, టీవీ గొంతు పెట్టు. మనవాళ్ళవి ఏ రంగు చొక్కాలే?