రెప్ప వేయనన్న కెమెరా

"క్లోజప్పూ! ఒరేయ్ క్లోజప్పూ, ఫోటో దిగావా లేదా?" టీకొట్టు బల్ల మీంచి సెలూన్ బాబాయి కేకేశాడు.

వీధి దాటుతున్న కుర్రాడు ఆ పిలుపు కోసమే పుట్టినవాడిలా నడక నెమ్మది చేశాడు. పక్క కొట్టులో కుట్టుమిషను తొక్కుతున్న అమ్మాయి కాలు ఆగిపోయింది. ఈ సాయంత్రంలోగా నాటకం కంపెనీకి అతని ముఖం ఫోటో చేరకపోతే వేషం ఇంకొకడికి పోతుంది. ఆ సంగతి తెలిసినప్పట్నుంచీ అతని గుండె కూడా తనలోనే కొట్టుకుంటున్నట్టు ఉంది ఆమెకి.

"దిగడమా? పొద్దున పదింటికే అయిపోయింది," అంటూ క్లోజప్పు బల్ల మీద సర్దుకు కూర్చుని, టీకొట్టు పైనున్న స్టూడియో వైపు వేలు చూపించాడు. "హెడ్‌షాటంటే గుర్తింపు కార్డు ఫోటో కాదు బాబాయ్. ఉన్నది ఒక్క తలకాయే, అందులో వంద వేషాలు కనపడాలి. వారం రోజుల తయారీ దానికి."

మొదట చెప్పినవి నమ్మదగ్గవే. ముఖం ఉబ్బకూడదని ఉప్పు తగ్గించాడట. దిండు మడత బుగ్గ మీద పడుతుందని కూర్చునే నిద్రపోయాడట. నవ్వు అరిగిపోకుండా మూడు రోజులు ఎవరికీ నవ్వు ఇవ్వలేదట. ఓహో, నిన్న నేను పలకరిస్తే మూతి బిగించింది అందుకా అనుకుని ఆ అమ్మాయి మనసు దూదిలా తేలిపోయింది.

అక్కణ్ణుంచి కోతలకి రెక్కలొచ్చాయి.

"అద్దం ముందు కోపం సాధన చేస్తున్నానా, ఎదురింటివాళ్ళ పాలు పొయ్యి వెలిగించకుండానే పొంగిపోయాయి, మా వదిన పరుగెత్తుకొచ్చి మరిదీ ఆ కనుబొమ కాస్త దించు గోడకి బీటలొస్తున్నాయి అని బతిమాలింది, పోనీలే అని దుఃఖంలోకి మారాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కుళాయిలో నీళ్ళొచ్చుంటాయి," అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

"కుళాయా? ఊరు దాటిపోయిన మబ్బు వెనక్కి తిరిగొచ్చింది. సగం వీధి తడిసి ముద్దయింది. ఇక స్టూడియోలో చెప్పనే అక్కర్లేదు, లైటు వేశారు, నా బుగ్గ మీద పడిందో లేదో సిగ్గుపడి ఆరిపోయింది, ఫర్వాలేదు నా ముఖంలో వెలుతురు చాలు కానివ్వండి అన్నాను, మీట నొక్కారు, కెమెరా రెప్ప వేయనంది. రెప్ప వేస్తే ఆ కాస్తసేపూ నన్ను చూడ్డం కుదరదట. మొరాయించి కూర్చుంది. చివరికి నేనే దాని చెవిలో బుజ్జగించాల్సి వచ్చింది."

"కెమెరాకి చెవెక్కడరా?"

"అందుకేగా వెతకడానికి అరగంట పట్టింది."

బల్ల బల్లంతా ఘొల్లుమంది. ఆ అమ్మాయి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇలాంటివాడికి కాక వేషం ఇంకెవడికి ఇస్తారు అనిపించింది.

ఫోటోగ్రాఫర్ అక్క మెట్లు దిగి ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. టీ గ్లాసు అందుకుని చల్లగా అంది.

"పదింటి నుంచీ లైట్లు వేసుకుని కూర్చున్నాను తమ్ముడూ. ఇంతకీ నువ్వు బుజ్జగించింది ఎవరి కెమెరాని?"

ఈసారి నవ్వు రెండు వీధులకి వినపడింది. క్లోజప్పు మాత్రం చెప్పులకేసి చూస్తున్నాడు. అది చూసి అమ్మాయి నవ్వడం మానేసింది. అక్క తిట్టలేదు. ఇంకా మూడే అయింది, ఇప్పుడు తీసినా అందుతుంది, ఇష్టమైతే రమ్మని మెట్లెక్కింది. అతను కదల్లేదు. అమ్మాయే మిషను వదిలి లేచి, అందరూ చూస్తుండగా వచ్చి పక్కన నిలబడి, పద అంది. బాబాయి ఈల వేశాడు. క్లోజప్పు లేచాడు. యుద్ధానికి సాగనంపుతున్నట్టు టీకొట్టంతా చప్పట్లు కొట్టింది. ఒక్కో మెట్టూ ఎక్కి గుమ్మం దగ్గర ఆగాడు. లోపల లైట్లు వెలుగుతున్నాయి.

"పొద్దున ఇక్కడిదాకా వచ్చి పారిపోయానక్కా," అన్నాడు, కింద వాళ్ళకి కూడా వినపడేలా. "ఫోటోకి ఏ వేషమూ వద్దు, నువ్వు నీలాగే రా అని పోయిన వారం అన్నావుగా. వారం రోజులు అద్దంలో వెతికాను. అందరి ముఖాలూ వచ్చాయి. నాది ఎలా ఉంటుందో నాకు తెలీదు."