నాలుగు మిల్లీమీటర్ల తేడా

అధ్యక్ష స్థానంలో ఉన్న మన గ్రామ సంఘం పెద్ద కెర్తు గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక కాఫీ బల్ల దగ్గర నిలబడ్డ మిత్రులకు, ఎవరికి వీడ్కోలు చెప్పడానికి ఇక్కడ చేరామో ఆ ఓయివాకు, ఈ సైమి నమస్కారాలు.

సభల్లో మాట్లాడే అలవాటు నాకు లేదు. బడి వంటగదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని. ఇదే హాల్లో మీలో సగం మంది పళ్ళేల్లోకి నేనే వడ్డించాను, "మిగల్చకుండా తిను" అన్నదే నాకొచ్చిన ఉపన్యాసం. (నవ్వులు)

ఓయివా మన సవుకోస్కిలో నలభై రెండేళ్ళు మెకానిక్ షెడ్డు నడిపాడు. సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి పోయిన పొద్దుల్లో, తలుపు గడ్డకట్టి మూసుకోని షెడ్డులో, బండి కింద వీపు ఆనించి పడుకుని, పనైపోయాక ఇవతలికొచ్చి "ఇంకో చలికాలం నడుస్తుంది, మీరు నడవనిస్తే" అనేవాడు. అంబులెన్సు బండి కూడా అతని చేతి మీదుగానే కదిలేది. అలాంటి మనిషి షెడ్డు మూసేస్తున్న రోజున ఈ హాల్లో నూరు కుర్చీలు వేశారు. నేను లెక్కపెట్టాను, ఇరవై ఆరుగురం ఉన్నాం. చేపల సూపు చాలా మిగిలిపోతుంది. ఎందుకు మిగులుతుందో మీకు తెలుసు. తెలుసని అనుకుంటున్నారు.

పోయిన వారం కెర్తు మా ఇంటికొచ్చింది. "సైమీ, మీ ఆయన హన్నెస్ పోయి పదకొండేళ్ళయింది. ఓయివా ఔలు పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అందరి ముందూ అతన్ని క్షమించానని నీ నోటితో ఒక్క మాట అను. ఊరు తేలికపడుతుంది" అంది. సరేనన్నాను. కెర్తూ, ఏమీ అనుకోకు. ఆ మాట నేను అనలేను.

(సభలో కలకలం)

మరిదీ, రెయినో, అలా తల ఊపకు. నువ్వనుకుంటున్నది కాదు. ముందు విను.

మా హన్నెస్ కారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, వెనక రెయిన్‌డీర్ మేత మూటలు పట్టే ఆ పొడుగు కారు. దాని ఇంజను చచ్చిపోతే, పాత బండ్ల యార్డు నుంచి ఇంకో రకం కారు ఇంజను కొనుక్కొచ్చి ఓయివా షెడ్డు ముందు దింపాడు. "రెండూ ఒక తల్లి బిడ్డలే, పట్టేస్తుంది" అన్నాడు. ఓయివా పట్టించాడు. ఇంజను తిరిగింది. కానీ డైనమో, నీళ్ళ పంపు, స్టీరింగు పంపు పాత ఇంజనువి; వాటన్నిటినీ తిప్పే కింది పుల్లీ కొత్త ఇంజనుది. ఓయివా ఇనుప స్కేలు ఆనించి చూస్తే కింది పుల్లీ నాలుగు మిల్లీమీటర్లు ముందుకు ఉంది. అన్నిటికీ ఒకటే బెల్టు, అది వాలుగా పరిగెడుతోంది, పిల్లి తోక తొక్కినట్టు కూస్తోంది. సరిపోయే పుల్లీ రోవనియెమి నుంచి గురువారం వస్తుంది, అప్పటిదాకా బండి ఇవ్వను అన్నాడు ఓయివా.

హన్నెస్ ఆగే మనిషా? మంగళవారం ఓయివా భోజనానికి వెళ్ళిన వేళ, తాళం బండిలోనే ఉందని చూసుకుని, నడుపుకుంటూ వచ్చేశాడు.

ఇప్పుడు మీకు తెలియని సంగతి.

హన్నెస్ ఇంటికి చేరేలోపు మా ఫోను మోగింది. ఓయివా. రొప్పుతున్నాడు.

"వదినా, హన్నెస్ బండి తీసుకుపోయాడు. ఆ బెల్టు ఎక్కువసేపు నిలవదు. ఊడిందంటే నీళ్ళు తిరగవు, బ్యాటరీ నిండదు, బండి నడిరోడ్డు మీద చచ్చిపోతుంది. ఈ చలిలో ఊరు దాటనివ్వకు. వాడు ఫోనెత్తడం లేదు. నువ్వు చెప్పు."

"సరే, చెప్తాను" అన్నాను.

చెప్పలేదు.



ఎందుకని అడుగుతారు. అంతకుముందు శనివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. రెయినో, నువ్వూ ఉన్నావు. నేను కాల్చిన రై పిండి రొట్టె పట్టుకుని హన్నెస్, "దీంతో కంచెకి మేకులు కొట్టొచ్చు, సుత్తి అక్కర్లేదు" అన్నాడు. (కొందరి నవ్వు) నవ్వండి, ఆ రోజూ అందరూ నవ్వారు. మా అమ్మ నేర్పిన రొట్టె అది. అప్పటినుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. మూడు రోజులు. మన ఇళ్ళల్లో మూడు రోజుల మౌనం ఒక లెక్కా? ముందు ఎవరు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. నేను ఓడదలచుకోలేదు.

ఆయన వచ్చాడు. ఫ్లాస్కులో కాఫీ పోసి బల్ల మీద పెట్టాను, వీపు తిప్పుకుని గిన్నెలు తోముతూ నిలబడ్డాను. "తాన్హువా వైపు వెళ్తున్నా, మంద దగ్గరికి. చీకటి పడేలోపు వచ్చేస్తా" అన్నాడు. నేను పలకలేదు. తలుపు దగ్గర కాసేపు ఆగాడు. బూట్లు వేసుకుంటున్నాడనుకున్నాను. నేనేమైనా అంటానేమోనని ఆగాడని ఇప్పుడు అనుకుంటున్నాను. కారు కూసుకుంటూ వీధి చివరిదాకా పోవడం విన్నాను. ఊళ్ళో ఉన్నంతసేపూ ఫోను అందుతుంది, ఊరు దాటితే అందదు. చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆయనే చెయ్యనీ అని మళ్ళీ పెట్టేశాను.

ఆ రోజు సున్నాకి కింద ముప్ఫై ఆరు. మర్నాడు మంద కాపరులు కారు చూశారు. బెల్టు పీలికలై పుల్లీకి చుట్టుకుని ఉంది, ఇంజను ఆ చలిలోనూ ఉడికి బిగుసుకుపోయింది. హన్నెస్ అక్కడికి ఆరు కిలోమీటర్ల అవతల, రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. చేతి తొడుగులు తీసి పక్కన పెట్టుకున్నాడు. చలికి పోయేవాళ్ళకి చివర్లో ఒళ్ళు మండుతున్నట్టు ఉంటుందట.

దినం రోజున చర్చి హాల్లో కాఫీ తాగుతుంటే రెయినో లేచి, "ఆ బండిని బయటికి వదిలినవాడు మా అన్నని చంపాడు" అన్నాడు. అందరూ ఓయివాను చూశారు. ఓయివా నన్ను చూశాడు. నేను కప్పులోకి చూశాను.

అంతే జరిగింది. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. కానీ ఆ తర్వాత నూనె మార్పించడానికి కూడా నా కారును కెమియార్వి పట్నం దాకా తోలుకుపోయేదాన్ని. అతని మొహం చూడలేక. మీరేమనుకున్నారు? పాపం, మొగుడు పోయిన దుఃఖం అనుకున్నారు. నా వెనకే మీ బండ్లూ కెమియార్వికి పోయాయి. ఓయివా భార్య ఇంపి చర్చిలో పాడేది. ఆమె కూర్చునే బెంచీ మీద ఇటూ అటూ ఖాళీ అయింది. మూడేళ్ళ కింద ఇంపి పోతే ఎంతమంది వెళ్ళారు? నేను వెళ్ళలేదు.

(రెయినో లేచి: "వదినా, నువ్వేం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?")

తెలుస్తోంది. కూర్చో నాయనా. నువ్వన్నది నీ దుఃఖంతో అన్నావు. ఆపగలిగినదాన్ని నేను. ఆపలేదు.

మొన్న షెడ్డుకి వెళ్ళాను, పదకొండేళ్ళలో మొదటిసారి. రెంచీలు డబ్బాల్లో సర్దుతున్నాడు. "నువ్వెందుకు చెప్పలేదు ఓయివా?" అన్నాను. తల ఎత్తలేదు. "నువ్వు చెప్తావనుకున్నాను వదినా. ఆ రోజు చెప్తావనుకున్నా, ఆ వారం చెప్తావనుకున్నా. తర్వాత నేను చెప్తే, చచ్చినవాడి పెళ్ళాం మీదికి తోసేశాడంటారు. పైగా తాళం బండిలో వదిలింది నేనేగా. దానికి రాత్రుళ్ళు నిద్రలేదు నాకు" అన్నాడు. "సభలో చెప్తాను" అన్నాను. "చెప్పు" అన్నాడు.

కాబట్టి కెర్తూ, క్షమించానని నేనెలా అనగలను? క్షమించడానికి అతని తప్పేముంది? పుల్లీ సరిగ్గా లేదని కనిపెట్టినవాడు అతను. బండి ఇవ్వనన్నవాడు అతను. ఫోను చేసినవాడు అతను. ఓయివా, అందరూ వింటుండగా చెబుతున్నాను: హన్నెస్ చావులో నీ తప్పు లేదు. నీ పేరు పాడుచేసింది నా మౌనం.

(ఓయివా కూర్చున్నచోటినుంచే: "ఇది ఇంపి వినాల్సింది.")

అవును. వినాల్సింది. మూడేళ్ళు ఆలస్యంగా వచ్చాను.

నన్ను వేదిక ఎక్కించిన కెర్తు గారికి, సూపు వండిన ఆడవాళ్ళకి, మధ్యలో లేచిపోకుండా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రేపటినుంచి నాతో మాట్లాడాలో వద్దో మీ ఇష్టం. ఓయివా, నిన్ను సెలవడిగే అర్హత నాకు లేదు. నువ్వు పొమ్మంటే పోతాను. మిగిలినవారి దగ్గర సెలవు తీసుకుంటున్నాను.