సున్నపురాయి మొహం

అక్టోబరు చివర, సకల పునీతుల పండుగకి రెండు రోజుల ముందు. క్రాకోవ్ శివార్లలో సమాధి రాళ్ళు చెక్కే ముసలి బోగుమిల్ పాక. కూతురి సమాధి తోమి తిన్నగా ఇటే వచ్చిన టెక్లా, రాతి పెచ్చులు కట్టిన రుమాలు మూట విప్పి బల్ల మీద పెట్టింది.

“మళ్ళీ అడుగుతున్నా టెక్లమ్మా, ఒట్టి నీళ్ళతోనే తోమావా?”

“నీళ్ళే.”

“మరి ఈ పెచ్చులు పుల్లటి వాసనేస్తున్నాయేం?”

“కాస్త వెనిగర్ వేశానండీ. పండక్కి ఊరంతా తోముకోవడం లేదూ? చుట్టూ సమాధులు తళతళలాడుతుంటే నా బ్రోన్యా ఒక్కతీ మసిమొహంతో ఉండాలా?”

“అవన్నీ గ్రానైటు. నీది సున్నపురాయి.”

“పెట్టింది మీరేగా.”

“నేనే. మెత్తగా ఉంటుంది, పసిమొహం బాగా పలుకుతుందని పెట్టా. ఉక్కు ఫ్యాక్టరీ ఇంత పొగ కక్కుతుందని అప్పుడెవరికి తెలుసు?”

“నాలుగుసార్లు రుద్దానో లేదో, మొహం మొహమంతా ఊడొచ్చింది. లోపలంతా పిండి. ముక్కు లేదు, కళ్ళు లేవు. నా చేతులతో నేనే...”

“నీ చేతులేం చేశాయి? ఆ పొగ వానలో కలిసి, వాన పులిసిపోయి పడుతోంది ఇన్నేళ్ళుగా. ఆ పులుపుకి రాయి లోపల గుల్లయిపోయి, పైన నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే పట్టుకుని ఉంది మొహాన్ని. నువ్వు ముట్టుకోకపోయినా రాలిపోయేదే.”

“అయితే వెనిగర్ వల్ల కాదంటారు.”

“కొంచెం... తొందరపెట్టింది.”

“మళ్ళీ చెక్కండి.”

“గ్రానైటు పలక పెడతాలే. పేరు కలకాలం ఉంటుంది.”

“పేరు నాకు గుర్తుందిలెండి. మొహం కావాలి. ఫోటో తీయించేలోపే పోయింది పిల్ల. నాకున్నది ఆ రాయొక్కటే.”

“నా చేతులు వణుకుతున్నాయమ్మా.”

“వాకిట్లో దేవదూత బొమ్మ మీద రాతిపొడైనా దులపలేదు ఇంకా. నిన్న ఎవరు చెక్కారు దాన్ని?”

“టీ తాగుతావా?”

“తాగను. చెక్కుతారా, చెక్కరా?”

“ఊరికే రాదు టెక్లమ్మా. మనిషిని చూసి చెక్కాలి.”

“అప్పుడు చూసే చెక్కారుగా.”

“చూశాను. బ్రోన్యాని కాదు.”

“ఊఁ.”

“గొంతు జబ్బు అంటుకుంటుందని శవపెట్టె మూసేసి తెచ్చారు. నువ్వేమో మంచం దిగలేదు, నిన్నడగడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మాయి వాండాకి కూడా అప్పుడు ఆరేళ్ళే. దాన్నిక్కడ కూర్చోబెట్టుకుని చెక్కేశాను. ఇరవై రెండేళ్ళు నువ్వు ముద్దుపెట్టుకున్నది మా పిల్లని. తప్పైపోయింది, క్షమించు.”

“తెలుసు.”

“తెలుసా?”

“రాయి నిలబెట్టిన రోజే తెలుసు. నా బ్రోన్యాకి గడ్డం మీద సొట్ట లేదు. పీకించేద్దామనుకున్నా, చేతులు రాలేదు. ఏడాదేడాది చూసీ చూసీ అసలు మొహం మరిచిపోయాను బోగుమిల్ గారూ, కన్నదాన్నయ్యుండి. వాండా కూతురికి ఇప్పుడు ఆరేళ్ళేగా? దాన్ని కూర్చోబెట్టి చెక్కండి. ఇంకో మొహం నాకు గుర్తులేదు.”