లోపలే నిలబడ్డ రిక్వెస్ట్

ఆ సర్వర్ గదిలో చలి ఎంతంటే, నోట్లోంచి వచ్చిన మాట గడ్డకట్టి కిందపడితే ఏరుకుని వినాలి. అంత చలిలోనూ బావకి చెమటలు పడుతున్నాయి.

"అంబులెన్స్ సైట్ నడుస్తుండగానే దాని కోడ్ మధ్యలో ఓ చిన్న ప్రోగ్రామ్‌ని కాపలావాడిలా దూర్చావుగా బామ్మర్దీ, ఏమంటాడు వాడు?"

"బండి పంపమని వచ్చిన ప్రతి రిక్వెస్టూ ఎటు వెళ్తోందో రాసుకోమన్నాను బావా. రాయడం అయ్యేదాకా దేన్నీ వదలొద్దన్నాను."

"మరి రాశాడా?"

"డిస్క్ నిండిపోయింది. చోటు దొరికేదాకా అన్నిటినీ పట్టుకుని కూర్చున్నాడు."

"ఓరి నీ తెలివి తెల్లారా! అంబులెన్స్ రాక చనిపోయిన ఆ పెద్దాయనది కూడానా?"

"ఆయనదే మొదటిది. గుండెనొప్పని బటన్ నొక్కాడు. బండి ఖాళీగానే ఉంది, డ్రైవర్‌కి కబురే అందలేదు."

బావ మీసం మెలేయబోయి మానుకున్నాడు.

"ఆయన కూతురు బయట కూర్చుంది. వాళ్ళింట్లోనే నెట్ పోయిందని చెప్పమన్నాడు మేనేజరు. ఈ సర్వర్ ఆపి మళ్ళీ వెయ్యి, లోపల ఆగిపోయినవాటి జాడ చెరిగిపోతుంది."

"మిగతావాళ్ళని వేరే సర్వర్‌కి మళ్ళించాను. దీన్ని మాత్రం ఆపను."

"ఏం? ఉద్యోగాలు పోతే మీ అక్క మనిద్దర్నీ కూర్చోబెట్టి మేపుతుందా?"

"ఆయన పోయినా ఆయన రిక్వెస్ట్ ఇంకా లోపలే ఉంది బావా. 'త్వరగా రండి' అని రాశాడు. జవాబు కోసం అలాగే నిలబడి ఉంది, చూడు."

బావ తెర మీదికి వంగి చూశాడు.

"లేచి ఆ కుర్చీ ఖాళీ చెయ్యి," అన్నాడు. "వెళ్ళి ఆ పిల్లని పిలుచుకొస్తాను."