కాగని నీళ్లు

మందమర్రి బొగ్గుగనుల కాలనీలో నీళ్ల కాగు పెట్టిన పొయ్యి ముందు అమ్మమ్మా మనవరాలూ కూర్చున్నారు. సెలవులు అయిపోయాయి. మనవరాలు స్నానం చేసి, ఎనిమిది గంటల బస్సుకు కరీంనగర్ హాస్టలుకు పోవాలి.

“అమ్మమ్మా, నీళ్లు ఇంకా కాగలే?”

“కాగుతయి బిడ్డా. గప్పటిదాక జర నీ సైన్సు పాఠం చదువు, నేనింట.”

“ఒక గ్రాము నీళ్ల ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెంచేటందుకు కావాల్సిన ఉష్ణాన్ని కేలరీ అంటరు.”

“గ్రాముకే ఒకటా? మరి కాగెడు నీళ్లకు లక్షలు గావాలె. ఆగాలె మరి.”

“అరగంట సంది ఆగుతనే ఉన్న. గిన్ని బొగ్గులకు ఈపాటికి మరగాలె. నేను పెట్టినప్పుడు కాగుల సగమే ఉండె, ఇప్పుడు అంచుదాక వచ్చినయి. వేడైతే నీళ్లు గింత పెరుగుతయా?”

“నీ పుస్తకంల రాయలేదా?”

“అమ్మమ్మా.”

“నువ్వు తల వంచి చదివినప్పుడల్లా ఒక చెంబెడు సల్లనీళ్లు పోసిన.”

“అగో, హారను. నా బస్సు పాయె.”

“పోయిందా? మంచిగ ఇన్నవా?”

“ఇన్న.”

“అయితే జర జరుగు బిడ్డా, మంట పెంచుత. చిటికెల కాగుతయి.”

“ముందు ఆ చెంబు ఇటియ్యి. పది గంటలకు ఇంకో బస్సున్నది.”