ఏటిగట్టు మెట్లు

ఎల్లుండి ఉగాండా ప్రయాణం, కొండెక్కి గొరిల్లాల్ని చూడ్డానికి. యానాంలో కొండ లేదు కనుక, రిటైరైన టీచర్లయిన ఆ భార్యాభర్తలిద్దరూ ఏటిగట్టు మెట్లే ఎక్కి దిగుతున్నారు.

“ఇరవైసార్లయిందండి. ఇంక చాలు.”

“గొరిల్లాలు కనబడేసరికి ఆరుగంటలు నడవాల్సి రావచ్చంట. ఎక్కు. అవునూ, పెట్టెలో ఆ చక్కెరకేళీ పళ్ళెందుకు?”

“అన్నవరం కొండమీద కోతులకి పెడతాం కదండీ. వీటి దగ్గరికి ఒట్టి చేతుల్తో ఎళ్తామేంటి?”

“వాటికేమీ పెట్టకూడదు. జలుబున్నవాళ్ళని అసలు కొండే ఎక్కనివ్వరు.”

“ఎందుకంట?”

“మన జలుబు అంటుకుంటే అవి చచ్చిపోతాయంట. నువ్వు నిన్నటి నుంచి దగ్గుతున్నావు.”

“అది పోపు ఘాటండి.”

“సరే, ఎక్కు.”

“ఏవండీ, వాటిలో చంటిపిల్లలు కూడా ఉంటాయా?”

“ఉంటాయి. తల్లి వీపుమీదెక్కి తిరుగుతాయంట.”

“పోపు కాదండి, జలుబే. నేను కొండ కింద కూచుంటాను. మీరు చూసొచ్చి చెప్పండి.”